మిలిటరీ గవర్నర్ వెళ్ళాక ఊళ్ళో ఎవరు మిగిలారు?

సైనిక పాలన పోయి ప్రజాస్వామ్యం వచ్చిన దేశాల గురించి పొలిటికల్ సైన్స్ పుస్తకాలు తిరగేస్తే చిలీ, బ్రెజిల్, ఇండోనేషియా, పాకిస్తాన్, మయన్మార్ కనిపిస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి వచ్చి డిగ్రీలు, పీజీలు చదువుతున్న దళిత విద్యార్థులతో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. మన దగ్గర మిలిటరీ ఎప్పుడూ గద్దెనెక్కలేదు కదా, ఆ దేశాల గొడవ మనకెందుకు?

ఎక్కింది. అదీ తెలుగు నేల మీదే. 1948 సెప్టెంబర్ నుంచి 1949 చివరి దాకా హైదరాబాద్ రాష్ట్రాన్ని మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ హోదాలో పాలించాడు. ఇక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న ఈ నేలను బ్రిటిష్ కంపెనీ తరఫున ఏలడానికి 1800లో వచ్చిన మొదటి దొర కూడా సైన్యం మనిషే. ఈ రెండు చోట్లా సైన్యం వెళ్ళిపోయిన తేదీ చరిత్ర పుస్తకంలో ఉంది. సైన్యం ఎవరి భుజం మీద చెయ్యి వేసి ఊరిని నడిపిందో వాళ్ళు ఎప్పుడు దిగిపోయారన్నది మాత్రం ఆ పుస్తకంలో వెతుక్కోవాలి. దళితుల వైపు నుంచి చూస్తే ఈ రెండో తేదీయే అసలైనదని మా వాదన.

హైదరాబాద్: మూడున్నరేళ్ళ మార్పు

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఎన్నికైన శాసనసభ లేదు, దానికి జవాబు చెప్పే మంత్రివర్గం లేదు. మిలిటరీ గవర్నర్ సంతకం పెడితే చట్టం. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దు రెగ్యులేషన్ వచ్చింది అలాగే. దాన్ని తక్కువ చేసి చెప్పం. తరాలుగా జాగీర్దారు కచేరీకి శిస్తు కట్టిన రైతుకు అది పెద్ద మార్పు.

అదే సైన్యం చేసిన రెండో పని తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడం. 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించే దాకా అది సాగింది. పోరాట కాలంలో పట్నాలకు పారిపోయిన దేశ్‌ముఖులు చాలామంది సైన్యం వెనకాలే ఊళ్ళకు తిరిగొచ్చారు. సంఘాలు పంచిన భూములను చాలా చోట్ల మళ్ళీ లాక్కున్నారు. ఆ భూముల్లో మాల, మాదిగ కుటుంబాల చేతికి మొదటిసారి వచ్చిన చెక్కలూ ఉన్నాయి. ఇంకో పక్క పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. చిలీ, అర్జెంటీనాల విషయంలో 'సత్య కమిషన్' అనే మాట వింటుంటాం కదా. మన దగ్గర నివేదిక తయారైంది, బీరువాలోకి వెళ్ళింది.

పైస్థాయిలో మార్పు మాత్రం చకచకా నడిచింది. 1949 చివర చౌధురి స్థానంలో ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడి వచ్చాడు. 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. ఓడిపోయిన రాజు కొత్త రాజ్యాంగం కింద రాష్ట్రాధినేతగా 1956 దాకా కొనసాగడాన్ని పరివర్తన సిద్ధాంతకారులు 'ఒప్పంద పరివర్తన' అంటారు. మనం రాజీ అందాం. 1952లో వయోజన ఓటు హక్కుతో ఎన్నికలు జరిగాయి. 175 స్థానాల అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 93 వచ్చాయి, మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్ళు పీడీఎఫ్ పేరుతో పోటీ చేసి గట్టి ప్రతిపక్షంగా నిలిచారు.

దళిత ఉద్యమ చరిత్రలో ఇక్కడ ఒక మెరుపు ఉంది. ఆ ఎన్నికల్లో అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ దేశం మొత్తం మీద గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే. బొంబాయిలో అంబేడ్కరే ఓడిపోయారు. ఆ రెండింటిలో ఒకటి షోలాపూర్, రెండోది కరీంనగర్. కరీంనగర్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. రెండేళ్ళ కిందటి దాకా మిలిటరీ గవర్నర్ పాలించిన ప్రాంతం నుంచి ఫెడరేషన్ అభ్యర్థి పార్లమెంటుకు వెళ్ళాడన్నది చిన్న సంగతి కాదు.

ఇంతవరకు చూస్తే ఇది విజయగాథ. పుస్తకాల్లో ఈ అధ్యాయం ఇక్కడే ఆగుతుంది. మేము ఇంకో అడుగు వేస్తాం. 1948కి ముందు తెలంగాణ ఊళ్ళో లెక్క రాసింది పట్వారీ, శిస్తు వసూలు చేసింది మాలీ పటేలు, కొట్టించింది పోలీసు పటేలు. చౌధురి పాలనలోనూ వాళ్ళే ఉన్నారు. వెల్లోడి హయాంలోనూ, బూర్గుల ప్రమాణ స్వీకారం నాడూ వాళ్ళే. ఆ వ్యవస్థ రద్దయింది 1984లో. సైనిక గవర్నర్ వెళ్ళిన 34 ఏళ్ళకు.

రాజ్యాంగ సభలో 1949 నవంబర్ 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగం అందరికీ తెలిసిందే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని ఆయన హెచ్చరించారు. ఆ రోజుకు హైదరాబాద్ ఇంకా మిలిటరీ గవర్నర్ కిందే ఉంది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చదవడం మనకు అలవాటు కాలేదు.

పటం మీద రంగులు

1980ల తర్వాత పరివర్తన మీద రాసినవాళ్ళలో అర్జెంటీనా పండితుడు గిజెర్మో ఓడొనెల్ ముఖ్యుడు. జనరల్స్‌లో కఠినులు, మెతకవాళ్ళు చీలడం, వాళ్ళకూ ప్రతిపక్షానికీ మధ్య బేరాలు, ఆ తర్వాత ఎన్నికలు అంటూ మొదట్లో ఆయనా పైస్థాయి ఆటనే వివరించాడు. తర్వాత, 1993లో, తనే ఆ చిత్రం చాలదన్నాడు. దేశ పటం తీసుకుని రాజ్యం చట్టబద్ధంగా పనిచేసే చోట నీలం, అరకొరగా పనిచేసే చోట ఆకుపచ్చ, స్థానిక పెత్తందారు మాటే చట్టమైన చోట గోధుమ రంగు వేయమన్నాడు. గోధుమ రంగు ప్రాంతంలోనూ ఓట్లు పడతాయి, ఎమ్మెల్యేలు గెలుస్తారు. కాని దెబ్బతిన్నవాడు స్టేషన్‌కు వెళితే కేసు రాయరు.

మన ఊళ్ళ విషయంలో ఈ పటం జిల్లాను బట్టి గీస్తే సరిపోదు. ఒకే ఊళ్ళో పెద్ద వీధి నీలంగా, మాదిగవాడ గోధుమ రంగులో ఉండవచ్చు. ఓడొనెల్‌కు కులం తెలియదు, అంబేడ్కర్‌కు తెలుసు. ఊరిని గణతంత్రానికి పునాదిగా చేయాలన్న వాళ్ళతో ఆయన 1948 నవంబర్‌లోనే గట్టిగా విభేదించడానికి కారణం అదే.

పెనుకొండ సీమలో మొదటి దొర

ఇప్పుడు మన మూడు పట్టణాల దగ్గరికి వద్దాం. 1800లో నిజాం, తన దగ్గరుంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. సైన్యం బాకీ కింద చేతులు మారిన నేల ఇది. ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో సైనికాధికారి. సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచడానికి ఫిరంగులు కావలసి వచ్చాయి. 1807లో ఆయన వెళ్ళేనాటికి పాలెగాళ్ళు లేరు, రైతువారీ పద్ధతి వేళ్ళూనుకుంటోంది. పిల్లలకు మన్రో పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆ ప్రేమకు కారణాలు రైతుల వైపు నుంచి నిజమైనవే.

అయితే రైతువారీలో 'రైతు' అంటే పట్టా ఉన్నవాడు. ఆ పట్టాలో ఎవరి పేరు రాయాలో కరణం చేతిలో ఉంది. ఎంత వసూలు చేయాలో రెడ్డి లేదా మునసబు చేతిలో ఉంది. కబురు మోయడానికి, దొరల గుడారాలు మోయడానికి, పొలం గట్ల మీద గొలుసు లాగడానికి వెట్టివాళ్ళు ఉన్నారు. వాళ్ళది ఏ వాడో చెప్పనక్కర్లేదు.

మన్రో ఇంగ్లండ్ వెళ్ళి 1814లో జుడీషియల్ కమిషన్ అధిపతిగా మద్రాసుకు తిరిగొచ్చాడు. ఆ కమిషన్ కృషి ఫలితంగా 1816లో వచ్చిన రెగ్యులేషన్లలో పదకొండోది ఊరి పోలీసు అధికారాన్ని గ్రామాధికారికి అప్పగించింది. తిట్టుకోవడం, చిన్నపాటి కొట్లాటల వంటి తప్పులకు గ్రామాధికారి నోటి విచారణ మీదే శిక్ష వేయవచ్చు. చావడిలో 12 గంటలకు మించకుండా కూర్చోబెట్టవచ్చు. తప్పు చేసినవాళ్ళు కింది కులాలవాళ్ళయితే 6 గంటలకు మించకుండా బొండలో వేయవచ్చు. బొండ అంటే కాళ్ళు ఇరికించి బిగించే కొయ్య. అంత అవమానకరమైన శిక్ష ఎవరికి తగునో వాళ్ళకే వేయాలని చట్టమే జాగ్రత్త చెప్పింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. సైనికాధికారి పాలన పోయి సివిల్ పాలన వచ్చిన క్రమం ఇది. ఫిరంగి బళ్ళారి కంటోన్మెంటుకు తిరిగి వెళ్ళింది. శిక్షించే అధికారం మాత్రం ఎక్కడికీ పోలేదు. చిన్న చిన్న ముక్కలై ఒక్కో ఊరి చావడికి చేరింది, అక్కడ కులం చూసి శిక్ష వేయమని రాతపూర్వకంగా చెప్పింది. మన పల్లెల్లో ముసలివాళ్ళకు దొర అంటే భయం లేదు, మునసబు అంటే భయం ఉండేది అని వింటుంటాం. అందుకు కారణం వాళ్ళ అమాయకత్వం కాదు.

1952 ఎన్నికలు ఈ పక్కన మద్రాసు రాష్ట్రంలో భాగంగా జరిగాయి. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని తరిమెల నాగిరెడ్డి ఓడించాడు. కాంగ్రెస్ మీద కమ్యూనిస్టు గెలుపు, ఘనమైన పోటీ. ఇద్దరూ భూస్వామ్య రెడ్డి కుటుంబాలవాళ్ళే, పైగా బావాబావమరుదులు. నాగిరెడ్డి త్యాగాన్ని మేము చిన్నబుచ్చడం లేదు. కొత్త ప్రజాస్వామ్యంలో అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ ఒకే చుట్టరికంలో నుంచి రాగలిగాయంటే మిగతావాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారో గమనించమంటున్నాం.

1960 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గాజుల దశరథరామారావు కేసులో, గ్రామ మునసబు ఉద్యోగాన్ని వంశపారంపర్యంగా ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. తండ్రి తర్వాత కొడుకు అనే హక్కు పోయింది. ఆ ఇళ్ళ పలుకుబడి మాత్రం ఇంకో రెండు దశాబ్దాలు నడిచింది.

1977లో మన ఓటు

ఎమర్జెన్సీ సైనిక పాలన కాదు. కాని మన దేశంలో 'ప్రజాస్వామ్య పునరుద్ధరణ' అనగానే గుర్తొచ్చేది 1977 మార్చి. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, హిందూపురం కూడా అందులోదే. గెలిచిన ఒక్క జనతా అభ్యర్థి నంద్యాల నుంచి సంజీవరెడ్డి. ఆయన ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు.

తెలుగువాళ్ళకు స్వేచ్ఛ విలువ తెలియదని దీన్ని ఎత్తిపొడిచినవాళ్ళు ఉన్నారు. మా అభిప్రాయం వేరు. వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్స్ వచ్చింది 1975 అక్టోబర్‌లో, చట్టం 1976లో. దళితులకు, పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు అన్యాక్రాంతం కాకుండా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 1977లో. ఢిల్లీలో పత్రికలకు సెన్సార్ ఉన్న రోజుల్లోనే ఊళ్ళో జీతగాడికి కాగితం మీదనైనా ఒక హక్కు దొరికింది. అలాగని ఎమర్జెన్సీని కీర్తించలేం. తెలంగాణ రైతుకూలీ బిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న ఉరితీసింది ఆ రోజుల్లోనే. ఎన్‌కౌంటర్ల మీద తర్వాత విమదలాల్ కమిషన్ వేయవలసి వచ్చిందీ ఈ రాష్ట్రంలోనే. రెండూ నిజమే. దూరాన ఉన్న నియంతకూ పక్కింటి నియంతకూ మధ్య ఓటరు ఎవరికి ఎక్కువ భయపడ్డాడన్నది పైస్థాయి సిద్ధాంతాలు అడగని ప్రశ్న.

1984 జనవరి 6

ఆ రోజు ఎన్.టి. రామారావు ప్రభుత్వం పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులన్నిటినీ ఒక్క ఆర్డినెన్స్‌తో రద్దు చేసింది. ఆంధ్ర, సీమల్లో కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్ళు, పట్వారీలు ఒకేసారి పోయారు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు, 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆర్డినెన్స్‌ను సమర్థించింది. రామారావు హిందూపురం నుంచి మొదటిసారి గెలిచిందీ అదే 1985లో. ఈ నియోజకవర్గంలో ఆయన సినిమా గ్లామర్ గురించి ఎంతో రాశారు. చావడి తలుపు మూయించిన సంతకం గురించి తక్కువ రాశారు.

ఆర్డినెన్స్‌కు లోపం లేదని కాదు. కరణాల ఇళ్ళలో ఉన్న రికార్డులన్నీ సక్రమంగా ప్రభుత్వం చేతికి రాలేదన్న ఫిర్యాదు ఇప్పటికీ భూమి కేసుల్లో వినిపిస్తుంది. పోస్టు పోయినా భూమి, పార్టీ, కాంట్రాక్టులు అవే ఇళ్ళలో ఉన్నచోట పెత్తనం కొత్త బట్టలు తొడుక్కుంది. సీమలో ఫ్యాక్షన్ అని పిలిచేది ఇదే. నాయకుడి పేరు మీద కొట్టుకుని చచ్చినవాళ్ళ జాబితాలో దళితులు, బోయలు, ఇతర వెనుకబడిన కులాల యువకులు ఎంతమందో ఆ ఊళ్ళవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పట్టణంలో ఇంకో రూపం ఉంది. ధర్మవరంలో మగ్గం కూలీకి అడ్వాన్సు తీరే దాకా షావుకారును మార్చడం కష్టం. దానికి తుపాకీ అక్కర్లేదు.

మయన్మార్‌ను ఈ వెలుగులో చూడండి. 2008 రాజ్యాంగం పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానికి కేటాయించిందని అందరూ చెబుతారు. ఊరూరా రికార్డులు, శిస్తులు, భూమి వివాదాలు చూసే జనరల్ అడ్మినిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ సైన్యం చేతిలోని హోంశాఖ కింద ఉందన్న సంగతి తక్కువమంది చెబుతారు. ఎన్నికైన ప్రభుత్వం దాన్ని పౌర శాఖ కిందికి తెచ్చింది 2018 డిసెంబర్‌లో. 2021 ఫిబ్రవరి 1న కుట్ర జరిగింది, ఆ ఏడాదే ఆ శాఖ తిరిగి హోంశాఖ కిందికి వెళ్ళింది. ఊరి కరణం ఎవరి మనిషో జనరల్స్‌కు బాగా తెలుసు.

బ్రెజిల్‌లో 1964 నుంచి 1985 దాకా సైన్యం పాలించింది. అక్కడ చదువురానివాళ్ళకు ఓటు వచ్చింది సైన్యం దిగిన తర్వాత, 1985లో. బానిసత్వం రద్దయిన 97 ఏళ్ళకు. ఓటు లేనివాళ్ళలో నల్లజాతివాళ్ళు ఎక్కువ. మనకు 1952లోనే నిశానీ వేసేవాళ్ళకూ ఓటు ఉంది, ఇది తక్కువ సంపద కాదు. పాకిస్తాన్ సింధ్‌లో 2018లో సెనేట్‌కు ఎన్నికైన కృష్ణకుమారి కోహ్లి దళిత మహిళ. చిన్నప్పుడు కుటుంబంతో సహా భూస్వామి సొంత జైల్లో వెట్టి చేసిన మనిషి. సైనిక పాలకులు ముగ్గురు నలుగురు మారినా ఆ జైలు తాళం భూస్వామి దగ్గరే ఉండిపోయింది.

ఏకగ్రీవం అనే మాట

పాకిస్తాన్‌లో అయూబ్‌ఖాన్ 1959లో 'బేసిక్ డెమాక్రసీస్' పేరుతో 80 వేల మంది స్థానిక సభ్యులను ఎన్నిక చేయించి, 1960లో వాళ్ళ చేతనే తన అధ్యక్ష పదవికి 95 శాతానికి పైగా ఓట్లు వేయించుకున్నాడు. కిందిస్థాయి సంస్థలు ఉన్నంత మాత్రాన ప్రజాస్వామ్యం కిందికి దిగదని దీన్నుంచి తెలుస్తుంది.

మన దగ్గర 73వ సవరణ తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఎస్సీ రిజర్వుడు సర్పంచి పదవులు వచ్చాయి. పెనుకొండ, హిందూపురం పక్క ఊళ్ళలో దళిత మహిళలు ఆ కుర్చీలో కూర్చోవడం మేము చూసిన మంచి మార్పుల్లో ఒకటి. దానితో పాటే 'ఏకగ్రీవం' వచ్చింది. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన పంచాయతీకి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. కొన్ని ఊళ్ళలో అది నిజంగా రాజీ కావచ్చు. రిజర్వుడు స్థానంలో ఏకగ్రీవమైతే మాత్రం ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. ఆ పేరు ఎవరి ఇంటి అరుగు మీద ఖాయమైంది?

భూమి దగ్గర కూడా ఇదే వరుస. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో సుమారు 8,800 ఎకరాలు చేతులు మారాయి, అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. హబ్ రాలేదు, ఉద్యోగాలూ రాలేదు. ఎన్నికైన ప్రభుత్వాలే ఇదంతా చేశాయి, ఎవరూ యూనిఫాం వేసుకోలేదు.

పరివర్తన సాహిత్యంలో 'పౌర నియంత్రణ' అనే మాట ఉంది. సైన్యం బడ్జెట్‌ను, నియామకాలను ఎన్నికైనవాళ్ళు ప్రశ్నించగలగడం దాని అర్థం. దీన్ని మన మండలానికి దింపితే వెతకవలసిన చోటు ఒకటి కనిపిస్తుంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. డివిజన్ స్థాయిలోనూ కమిటీ ఉండాలి. ధర్మవరానికి ఒక డివిజన్ కార్యాలయం ఉంది, హిందూపురం పెనుకొండ డివిజన్‌లోకి వస్తుంది. గత రెండేళ్ళలో ఆ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయి, మినిట్స్‌లో ఏ కేసులున్నాయి, ఎన్నిటిలో చార్జిషీట్ పడింది, నష్టపరిహారం ఎంతమందికి అందింది అని సమాచార హక్కు కింద అడగవచ్చు. దానితో పాటే 2021లో ఏకగ్రీవమైన ఎస్సీ రిజర్వుడు పంచాయతీల జాబితా, మీ గ్రామ అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు అడగండి. దరఖాస్తుకు కావలసింది పది రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు.